చింతపిక్కల పందెం నేర్పిన చిన్నమ్మమ్మ

…అక్కడిదాకా రాసి నిన్న ఆపేశాను. చెయ్యి నొప్పి పుట్టి కాదు. ఆ తర్వాత రాయాల్సిన వాక్యం నాకు తెలుసు కాబట్టి. ఇవాళ రాసేస్తున్నాను. చిన్నమ్మమ్మ చనిపోయింది. రేపల్లెలో, తన ఇంట్లో, పొద్దున్నే కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, వరండాలో కుర్చీలో కూర్చుని, అలాగే పోయింది. పక్కింటావిడ ఫోన్ చేసినప్పుడు ఇక్కడ తెనాలిలో అమ్మ నాకు జడ వేస్తోంది. ఫోన్ స్పీకర్‌లో ఉంది. "మీ పిన్నిగారు ఎంత పిలిచినా పలకట్లేదండి" అన్నారావిడ. అమ్మ చేతులు ఆగిపోయాయి. ఆ రోజంతా నేను సగం వేసిన జడతోనే తిరిగాను. ఎవరూ గమనించలేదు, నేను కూడా.

చిన్నమ్మమ్మ అంటే మా అమ్మమ్మకి చెల్లెలు. రిటైరయ్యేదాకా హైస్కూల్లో లెక్కలు చెప్పింది. పిల్లలు లేరు. పెద్దకర్మకి అచ్చు వేయించిన కార్డులో ఆమె ఫొటో కింద "ఆదర్శ ఉపాధ్యాయురాలు" అని వేశారు. అది నిజమే. కానీ ఆమె నాకు అన్నిటికంటే బాగా నేర్పింది ఏంటో ఆ కార్డులో లేదు. అది పోకర్. అయిదు ముక్కల పోకర్, పందెంతో సహా, బ్లఫ్‌తో సహా.

మీరెవరో నాకు తెలీదు. ఇది మీదాకా వస్తుందో రాదో కూడా తెలీదు. స్కూల్లో వ్యాసాలన్నీ ఇంగ్లీషులోనే రాశాను. ఇది కూడా మొదట ఇంగ్లీషులోనే మొదలుపెట్టాను. నాలుగు వాక్యాలు రాసేసరికి చిన్నమ్మమ్మ ఎవరో పరాయి మనిషిలా అయిపోయింది. చింపేశాను. తప్పులుంటే క్షమించండి. ఒత్తుల దగ్గర నాకు ఎప్పుడూ అనుమానమే.

మొదట మా నాన్న గురించి చెప్పాలి, లేకపోతే నా భయం మీకు అర్థం కాదు. నాన్నవాళ్ళ నాన్న ఊరి బయట తోటలో పేకాడుతూ పోలీసులకి దొరికారట. మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది. తువ్వాలు మీద పరిచిన ముక్కలు, వాటి వెనక తలలు దించుకుని నిలబడ్డ మనుషులు. అప్పటికి నాన్న ఇంటర్ చదువుతున్నారు. ఆ ఫొటో కత్తిరించి ఎవరో కాలేజీ నోటీసు బోర్డుకి అంటించారట. ఇదంతా నాకు అమ్మ చెప్పింది, నాన్న ఎప్పుడూ చెప్పలేదు. మా హాల్లో పోయిన పెద్దవాళ్ళందరి ఫొటోలూ ఉన్నాయి. ఆ తాతయ్యది లేదు. అది అటక మీద పాత దుప్పటిలో చుట్టి ఉంది. మా ఇంట్లో దీపావళికి కూడా పేక కనిపించదు. ఎవరైనా చుట్టాలు సరదాకి బయటికి తీస్తే నాన్న చెప్పులు వేసుకుని వెళ్ళిపోతారు.

అలాంటి ఇంటి నుంచి నేను ప్రతి ఆదివారం రేపల్లె ప్యాసింజర్ ఎక్కి లెక్కల ట్యూషన్‌కి వెళ్ళేదాన్ని. ట్యూషన్ అబద్ధం కాదు. మధ్యాహ్నం భోజనం దాకా చిన్నమ్మమ్మ నిజంగానే లెక్కలు చెప్పేది, తప్పు చేస్తే స్కేలుతో బల్ల మీద కొట్టేది. భోజనమయ్యాక వక్కపొడి నోట్లో వేసుకుని, వీధి తలుపు దగ్గరగా వేసి, మంచం పక్కనుంచి బిస్కెట్ల రేకు డబ్బా తీసేది. మూత తీస్తే పైనంతా చింతపిక్కలు. వాటి అడుగున పసుపు గుడ్డలో చుట్టిన పేక.

ఆమె ఆ ఆట నేర్చుకుంది బాపట్లలో, టీచర్ ఉద్యోగంలో చేరకముందు. ఆమె భర్త, మా చిన్నతాతయ్య, అక్కడ కాలేజీలో పనిచేసేటప్పుడు వాళ్ళు క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళు. మగవాళ్ళు డ్యూటీలకి వెళ్ళాక నలుగురు ఆడవాళ్ళు ఒక ఇంట్లో చేరేవాళ్ళట. కలకత్తా నుంచి వచ్చిన ఒకావిడ నేర్పిందట ఈ ఆట. డబ్బులు పెట్టకూడదని మొదటిరోజే ఒట్టు వేసుకున్నారట. అందుకే చింతపిక్కలు. మామూలు పిక్క ఒకటి. ఒకవైపు గచ్చు మీద తెల్లగా అరగదీసిన పిక్క అయిదు. "అరగదియ్యడానికి ఎంత కష్టపడ్డామో! అందుకే తెల్ల పిక్క పోతే ఒక్కోళ్ళకి ఏడుపొచ్చేది" అని నవ్వేది.

ఆట తేలికే. చెరి అయిదు ముక్కలు. ఒక పందెం. అక్కర్లేని ముక్కలు పడేసి అన్నే కొత్తవి తీసుకోవడం. మళ్ళీ పందెం. ఫోన్లో వీడియోలు చూసి నేను రెయిజ్, కాల్, ఫోల్డ్ అంటే ఆమె విసుక్కునేది. ఆమెకి పెంచడం, కట్టడం, ఆట వదిలేసి ముక్కలు పడేయడం. అంతే.

"మధ్యలో పది పిక్కలున్నాయి. నువ్వు అయిదు కడితే నా ముక్కలు చూడొచ్చు. కడతావా?"

"నేను ఓడిపోతానేమో చిన్నమ్మమ్మా."

"ఓడిపోతావేమో కాదే, ఎన్నిసార్లు ఓడిపోతావో చెప్పు. మూడుసార్లు ఇలాంటి ఆట వచ్చిందనుకో. ఒక్కసారి గెలిస్తే?"

నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను. "పోయిందీ వచ్చిందీ సరిపోతుంది."

"మరి? ప్రతిసారీ గెలవక్కర్లేదు. అది తెలిస్తే సగం భయం పోతుంది."

నా సగం భయం పోలేదు. నేను పుట్టడమే భయంతో పుట్టాను. క్లాసులో నా పేరు పిలిస్తేనే గొంతు ఎండిపోతుంది. చిన్నమ్మమ్మకి అది తెలుసు. అందుకే నేర్పిందేమో అని ఇప్పుడనిపిస్తోంది. ఆమె ఎప్పుడూ అలా చెప్పలేదు.

ఆమెకి మంచి ముక్కలొచ్చినా, చెత్త ముక్కలొచ్చినా ఒకటే చేసేది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకునేది. ఎన్ని ఆదివారాలు చూసినా ఆ తుడవడంలో నాకు తేడా దొరకలేదు. నాది మాత్రం మొదటిరోజే దొరికిపోయింది. చేతిలో ఏమీ లేకుండా బ్లఫ్ చేసేటప్పుడు నేను చెవి కమ్మ తిప్పుకుంటానట.

"నీ నోరు ఏం చెప్తే ఏంటే, నీ కమ్మ అంతా చెప్పేస్తోంది" అనేది.

ఒకసారి నేను మూడు ముక్కలు మార్చుకుని, వాటిని సరిగ్గా చూడకుండానే తెల్ల పిక్కలు గుప్పెడు తీసి మధ్యలో పెట్టాను. ఆమె నవ్వి కట్టేసింది. నా చేతిలో ఏమీ లేదు.

"ఎలా తెలిసింది?"

"మూడు ముక్కలు మార్చావంటే నీ దగ్గర మహా అయితే ఒక జత ఉంది. కొత్తవి చూసుకున్నావా? లేదు. ముందే పెంచేశావు. అంటే పెంచమన్నది ముక్కలు కాదు, నీ కంగారు. పందెం ఎంత పెద్దదో చూడకూడదమ్మా. మొదట్నుంచి చెప్పుకొస్తున్న కథకి అది కుదిరిందా లేదా చూడాలి."

"అంటే బ్లఫ్ అబద్ధం చెప్పడమేగా."

ఆమె ఇంకాస్త వక్కపొడి నోట్లో వేసుకుంది. "నేను నీతో ఏమన్నా చెప్పానా? పిక్కలు ముందుకి జరిపానంతే. మిగతాది నీ భయం నీకు చెప్పింది." పిక్కలు దగ్గరికి లాక్కుంటూ మళ్ళీ అంది. "కానీ ఒకటి. పడేయడం రాని మనిషి దగ్గర బ్లఫ్ చెయ్యకు. వాడు చూసేదాకా ఊరుకోడు. అలాంటివాడి దగ్గర ఉన్న ముక్కలే ఆడాలి."

ఒక ఆదివారం నన్ను బాపట్ల తీసుకెళ్ళింది. క్వార్టర్స్ నలుగురిలో చిన్నమ్మమ్మ కాకుండా మిగిలింది ఒక్కావిడే. సూర్యలంక వెళ్ళే రోడ్డులో కోడలి దగ్గర ఉంటోంది. మతిమరుపు. నన్ను చూసి "మీ అమ్మాయా?" అని గంటలో ఎన్నిసార్లు అడిగిందో. కానీ ముక్కలు చేతికి రాగానే ఆవిడ వీపు నిటారుగా అయింది. అప్పటిదాకా వణికిన వేళ్ళు ఆగాయి.

"ఏమే, ఇంకా అవే కళ్ళజోడు వేషాలా?" అంది చిన్నమ్మమ్మని.

"నీ మొహానికి ఈ వేషాలు చాలవా?"

ఇద్దరూ నవ్వారు. తర్వాత ఒక ఆటలో ఆవిడ ఉన్న పిక్కలన్నీ మధ్యకి తోసేసింది. నేను చిన్నమ్మమ్మ వెనక కూర్చున్నాను. ఆమె చేతిలో మూడు రాజులు, రెండు తొమ్మిదులు. దాన్ని కొట్టే ముక్కలు దాదాపు లేవు. చిన్నమ్మమ్మ కళ్ళజోడు తుడుచుకుని, ముక్కలు బోర్లా పడేసింది. "నీ దగ్గర ఉందమ్మా, నేను రాను" అంది. ఆవిడ పిక్కలన్నీ ఒళ్ళోకి లాక్కుని చిన్నపిల్లలా కోడలిని పిలిచి చూపించింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అడిగాను, ఎందుకు పడేశావని. "ఆవిడ దగ్గర ఏముందో నాకు చూడాలనిపించలేదు" అంది. కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నిజాంపట్నం వైపు నుంచి చేపల బుట్టలతో ఎక్కిన వాళ్ళతో ఆ బస్సంతా నిండిపోయి ఉంది. చిన్నమ్మమ్మ ఎవరికో చోటిచ్చి నన్ను తన ఒళ్ళోకి లాక్కున్నంత పని చేసింది. ఆమె చీరకి పసుపు, వక్కపొడి కలిసిన వాసన ఉండేది. ఇది ఎందుకు రాస్తున్నానో తెలీదు. మర్చిపోతానని రాస్తున్నాను.

ఇప్పుడు పెద్దకర్మ రోజు సంగతి. ఆ రోజు నుంచే నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు.

రేపల్లె ఇంట్లో కుర్చీ మీద చిన్నమ్మమ్మ ఫొటో పెట్టి, ముందు అరిటాకు వేసి, ఆమెకి ఇష్టమైనవన్నీ పెడుతున్నారు. గోంగూర పచ్చడి, మినపసున్ని, ఫిల్టర్ కాఫీ. వక్కపొడి డబ్బీ కూడా పెట్టారు. ఏర్పాట్లన్నీ నాన్న చూసుకుంటున్నారు. నాన్నకి చిన్నమ్మమ్మ అంటే గౌరవం. "ఆవిడ ఒక్కరే నా పెళ్ళప్పుడు మా నాన్న గురించి అడగలేదు" అని కర్మ రోజుల్లో ఎవరితోనో అంటుంటే విన్నాను. అందుకే ఆ ఫొటోకి తెనాలిలో ఫ్రేము కట్టించి మా హాల్లో పెడదామని తనే అన్నారు. హాల్లో ఫొటో అంటే మా ఇంట్లో చిన్న విషయం కాదు.

అప్పుడు లోపల గదిలోంచి కొలకలూరు పిన్ని వచ్చింది. మా అమ్మ చెల్లెలు. చేతిలో బిస్కెట్ల డబ్బా.

"అక్కా, ఇదిగో చూడవే! పిన్ని దీన్ని వదిలేదా ఎప్పుడైనా? ఇది పెట్టకుండా ఏం పెట్టినా ఒకటే" అని మూత తీసి అందరికీ చూపించి, మళ్ళీ మూసి, తెచ్చి ఫొటో ముందు పెట్టేసింది. సరిగ్గా నాన్న మోకాలి పక్కన.

నేను అంతకుముందు రోజే దాన్ని తియ్యాలనుకున్నాను. గదినిండా ఆడవాళ్ళు పడుకుని ఉంటే లోపలికి వెళ్ళలేకపోయాను.

"వామనగుంటలు ఆడుకునేది కాబోలు, పాపం, ఒక్కతే" అంది అమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

"ఒక్కతే ఎందుకే? నీ కూతురు ప్రతి ఆదివారం దిగేదిగా. ఏమే, లెక్కలు నేర్చుకున్నావా, గుంటలాడావా?"

"రెండూ పిన్నీ" అన్నాను. అందరూ నవ్వారు. చనిపోయిన ఇంట్లో ఆ రోజుకి అదే మొదటి నవ్వు.

"మరి గుంటల పీట ఏదే? పిక్కలున్నాయి, పీట లేదు" అంది అమ్మ ఉన్నట్టుండి.

నా చెయ్యి చెవి దాకా వెళ్ళబోయింది. రెండు చేతులూ కలిపి ఫొటోకి దణ్ణం పెడుతున్నట్టు పట్టుకున్నాను. "సుద్దతో గచ్చు మీద గీసుకునేవాళ్ళం" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నాన్న నా వైపు ఒకసారి చూశారు.

భోజనాలయ్యాక ఆకులోవన్నీ కాలవలో కలపడానికి తీస్తున్నారు. డబ్బా చూసి పిన్ని, "ఇది కూడా కలిపేద్దామా బావగారూ? పిక్కలేగా, గట్టున మొలుస్తాయి కూడా" అంది.

"రేకు డబ్బా కాలవలో వెయ్యడమేంటి? పిక్కలు వంపేసి డబ్బా ఉంచుదాం" అన్నారు నాన్న. అని డబ్బా చేతిలోకి తీసుకున్నారు.

వంపితే ఏం పడుతుందో ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. నన్ను తిడతారని కాదు నా భయం. నాన్న తిట్టరు. నాన్న మౌనంగా ఉంటారు. చిన్నమ్మమ్మ గురించి ఇంక ఎప్పుడూ మాట్లాడరు. ఆ ఫొటో హాల్లోకి రాదు, అటక మీద దుప్పటిలో తాతయ్య పక్కకి వెళ్తుంది. రేపల్లె ఆదివారాలన్నీ ఆ దుప్పటిలోకే వెళ్ళిపోతాయి.

పరిగెత్తి లాక్కోవాలనిపించింది. కంగారుగా పెంచితే ఎవరైనా కడతారు. నెమ్మదిగా నడిచి వెళ్ళాను.

"నాన్నా, అది నాకిస్తారా?"

"ఎందుకమ్మా?"

"గుర్తుగా ఉంచుకుంటాను. పిక్కలతో సహా."

నాన్న మూత తీశారు. చెయ్యి పెట్టి పిక్కలు గుప్పెట్లోకి తీసుకుని వేళ్ళ సందుల్లోంచి వదిలారు. మళ్ళీ చెయ్యి పెట్టారు. ఈసారి మణికట్టు దాకా. ఆ చెయ్యి లోపలే ఉండిపోయింది. నాన్న నన్ను చూడట్లేదు. ఫొటోని చూస్తున్నారు.

చివరికి ఒక తెల్ల పిక్క బయటికి తీసి, "ఇవెందుకు అరగదీశారు?" అని అడిగారు.

"అవి ఒక్కోటి అయిదు" అనేశాను. అనేశాక తెలిసింది ఏమన్నానో. వామనగుంటల్లో ఏ పిక్కైనా ఒకటే. అది నాన్నకీ తెలుసు, చిన్నప్పుడు అక్కలతో ఆడి ఉంటారు.

"అయిదా?"

"లెక్కలు చెప్పడానికి నాన్నా."

నాన్న పిక్కని డబ్బాలో వేసి, మూత నొక్కి పెట్టి, నా చేతికిచ్చారు. "జాగ్రత్తగా పెట్టుకో" అన్నారు.

తెనాలి వచ్చేదాకా రైల్లో నాన్న నా ఎదురుగా కూర్చున్నారు. డబ్బా నా ఒళ్ళో ఉంది. బండి ఆగిన ప్రతి స్టేషన్లో పిక్కలు గలగలమన్నాయి. అమ్మ నిద్రపోయింది. నాన్న ఒకే ఒక్క మాట అడిగారు.

"బరువుగా ఉందా?"

"లేదు నాన్నా."

అప్పటినుంచి డబ్బా నా అల్మరాలో బట్టల వెనక ఉంది. నాన్న దాని ఊసెత్తలేదు. చెయ్యి పేకకి తగిలిందో లేదో నాకు తెలీదు. గుడ్డలో చుట్టి ఉంది కాబట్టి తగిలినా ఏంటో తెలియకపోవచ్చు. తెలిసీ ఊరుకోవచ్చు. చిన్నమ్మమ్మ నేర్పినట్టు కథ మొదట్నుంచి చూసుకుంటున్నాను. పీట గురించి అబద్ధం చెప్పినప్పుడు చూశారు. తెల్ల పిక్క గురించి అడిగారు. అయినా ఇచ్చేశారు. కుదరట్లేదు. నాన్నని నేను ఇన్నేళ్ళూ పడేయడం రాని మనిషి అనే అనుకున్నాను.

నిన్న టిఫిన్ దగ్గర ఉన్నట్టుండి అడిగారు. "మీ చిన్నమ్మమ్మ నీకు ఏం నేర్పారమ్మా అసలు?"

"ప్రాబబిలిటీ నాన్నా."

"అంటే?"

"ఏం జరుగుతుందో తెలీనప్పుడు ఎంతవరకు నమ్మొచ్చో లెక్కేసుకోవడం."

నాన్న ఇడ్లీ ముక్క చట్నీలో ముంచి అలాగే పట్టుకున్నారు. "ఆ లెక్క మా ఇంట్లో ఎవరికీ రాలేదు" అన్నారు. అంతే. చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయారు. అమ్మ నన్ను చూసింది. నేను కూడా కంచం తీసుకుని లేచిపోయాను.

ఆ మాట ఎవరి గురించి అన్నారు? పేపర్లో తల దించుకుని నిలబడ్డ తాతయ్య గురించా? నా గురించా? చిన్నమ్మమ్మ ఉంటే రేపల్లె వెళ్ళి అడిగేదాన్ని. ఆమె సూటిగా చెప్పేది కాదు. ముక్కలు పంచేది, ఆట మధ్యలో ఎక్కడో సగం మాట అనేది, ఆ సగం నాకు బండి ఎక్కాక అర్థమయ్యేది. ఆమెకి నేను థాంక్స్ ఎప్పుడూ చెప్పలేదు. చెప్తే "పంచు ముందు" అనేది. ఇప్పుడు క్లాసులో పేరు పిలిచినప్పుడు లేచి నిలబడగలుగుతున్నాను. గొంతు ఎండుతుంది, కానీ ఎండినట్టు ఎవరికీ తెలీదు. అది ఆమె ఇచ్చిందే.

ఇవాళ ఫ్రేము కట్టిన ఫొటో వస్తుందని అమ్మ చెప్పింది. నాన్న భోజనమయ్యాక దుకాణానికి వెళ్ళారు. హాల్లో మేకు కూడా కొట్టి ఉంది, అమ్మమ్మ ఫొటో పక్కన. పొద్దుట్నుంచి ఆ మేకు వైపే చూస్తున్నాను. ఫొటో దానికి తగిలించాక నాన్న రోజూ అగరొత్తి వెలిగిస్తారు. రోజూ దణ్ణం పెడతారు. తెలిసి పెడుతున్నారో, తెలీక పెడుతున్నారో నేను పక్కన నిలబడి చూస్తూ ఉండాలి. అలా ఎన్నేళ్ళు? తెలియనిచ్చి, తర్వాత దణ్ణం పెట్టకపోతే? అప్పుడు ఆ మేకు ఖాళీగా…

గేటు చప్పుడైంది. నాన్న బండి.

తలుపు కొడుతున్నారు. నా గది తలుపే. ఒక్కసారి కొట్టి ఆగారు. "అమ్మా, ఒకసారి రా. తగిలించే ముందు నువ్వు చూడాలి" అంటున్నారు. గొంతులో ఏమీ తెలియట్లేదు.

అల్మరాలోంచి డబ్బా తీశాను. మూత తీసి, పిక్కలు పక్కకి తోసి, పసుపు గుడ్డ విప్పి, పేక బయటికి కనిపించేలా టేబుల్ మీద పెట్టాను. ఈ కాగితాలు మాత్రం పరుపు కింద పెట్టేస్తాను, ఇవి నావి.

తలుపు కింద సందులోంచి నాన్న పాదాలు కనిపిస్తున్నాయి. వాటి పక్కన నేలకి ఆనించిన ఫ్రేము అంచు. రెండోసారి కొట్టట్లేదు. వెళ్ళిపోవట్లేదు.